పొటాషియం: కణాల్లో కొండంత, రక్తంలో చిటికెడు

రైతుకు పొటాష్ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. యూరియా, డీఏపీ బస్తాల పక్కన ఎర్రటి గుళికలతో ఉండే మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌ను వరికీ, అరటికీ, మిర్చికీ వేస్తూనే ఉన్నాడు. రసాయనంగా చూస్తే అది పొటాషియం క్లోరైడ్. మందుల షాపులో దొరికే పొటాషియం సిరప్‌లో ఉండేదీ అదే లవణం. సూపర్‌మార్కెట్‌లో ‘సోడియం తక్కువ’ అని రాసి అమ్మే ఉప్పు ప్యాకెట్‌లో కొంత భాగం అదే. ఆసుపత్రుల్లో మిగతా మందులతో కలిసిపోకుండా విడిగా దాచాల్సిన చిన్న ఆంప్యూల్‌లో ఉండేదీ అదే. శుద్ధిలో తేడా ఉంది కాబట్టి ఎరువును నోట పెట్టుకోకూడదు, అది వేరే సంగతి. ఒకే లవణం పైరును నిలబెడుతుంది, విరేచనాలతో నీరసించిన మనిషిని మంచం మీంచి లేపుతుంది, బీపీని దించుతుంది. నేరుగా నరంలోకి ఒక్కసారిగా ఎక్కిస్తే గుండెను ఆపేస్తుంది.

ఇంత మంచీ ఇంత చెడూ ఒకే పదార్థంలో ఎలా ఉన్నాయో తెలుసుకోకుండానే పొటాషియం గురించి సలహాలివ్వడం ఈమధ్య ఎక్కువైంది. పిక్కలు పట్టేస్తున్నాయంటే పొటాషియం తగ్గిందంటారు. బీపీ ఉందంటే రోజూ కొబ్బరినీళ్లు తాగమంటారు, ఇంట్లో ఉప్పు మార్చేయమంటారు. ఈ మాటలు కొందరికి నిజంగానే మేలు చేస్తాయి. అవే మాటలు కిడ్నీ దెబ్బతిన్న మనిషి పాటిస్తే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి పొటాషియం మంచిదా అని అడిగేముందు రెండు సంగతులు తెలియాలి. మీ కిడ్నీలు ఎలా ఉన్నాయి? మీరు రోజూ ఏ మాత్రలు వేసుకుంటున్నారు? ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ రెంటి చుట్టూనే ఉంటుంది.

అర గ్రాము లెక్క

70 కిలోల మనిషి ఒంట్లో దాదాపు 140 గ్రాముల పొటాషియం ఉంటుంది. అందులో 98 శాతం కణాల లోపలే, అందునా ఎక్కువగా కండరాల్లో ఉంటుంది. కణాల బయట ఉండే ద్రవమంతా కలిపి చూసినా రెండున్నర గ్రాములు దాటదు. రక్తంలోని ప్లాస్మా వరకే లెక్కేస్తే సుమారు అర గ్రాము. ల్యాబ్ రిపోర్టులో ‘సీరం పొటాషియం’ అని కనిపించే అంకె ఈ అర గ్రాము ఎంత గాఢతలో ఉందో చెబుతుంది. లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోళ్ల మధ్య ఉంటే మామూలు. కణం లోపల అదే లీటరుకు 140 దాకా ఉంటుంది. సోడియం సంగతి సరిగ్గా దీనికి తిరగేసి ఉంటుంది: బయట ఎక్కువ, లోపల తక్కువ.

ఇంత తేడా దానంతటది నిలవదు. పొటాషియం బయటికి జారుతూనే ఉంటుంది, సోడియం లోపలికి చొరబడుతూనే ఉంటుంది. చిల్లుపడ్డ పడవలో కూర్చుని ఆగకుండా నీళ్లు తోడిపోసే మనిషిలా, కణపు పొరలో ఉండే ఒక ప్రోటీన్ పంపు పగలూ రాత్రీ పనిచేస్తూ ఉంటుంది. ప్రతి విడతలో మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో జెన్స్ స్కౌ అనే శాస్త్రవేత్త సముద్రపు పీతల కాళ్ల నరాలను తీసి పరీక్షించి, 1957లో ఈ పంపు ఉనికిని ప్రకటించారు. 40 ఏళ్ల తర్వాత, 1997లో, ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ దక్కింది.

ఈ పంపు నడవడానికి కావలసిన ఇంధనం ఏటీపీ అనే అణువు. దాన్ని 1929లో కండరాల్లోంచి వేరుచేసి చూపినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన చేసిన పని అది. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనిపెట్టారు. మనం కదలకుండా పడుకున్నప్పుడు ఒళ్లు ఖర్చుచేసే శక్తిలో దాదాపు ఐదో వంతు ఈ ఒక్క పంపుకే పోతుంది. ఊపిరి తీసుకోవడానికయ్యే ఖర్చు కూడా దీని ముందు చిన్నదే.

ఇంత ఖర్చు దేనికంటే విద్యుత్తు కోసం. లోపలున్న పొటాషియం సన్నగా బయటికి జారుతున్నప్పుడు తనతోపాటు ధనావేశాన్ని తీసుకుపోతుంది. దాంతో కణం లోపలి వైపు రుణావేశం మిగులుతుంది. నరాల కణంలో ఇది మైనస్ 70 మిల్లీవోల్టుల దగ్గర, గుండె కండరంలో మైనస్ 90 దగ్గర ఉంటుంది. ఆలోచన, అడుగు, గుండె కొట్టుకోవడం అన్నీ ఈ వోల్టేజీ ఒక్క క్షణం తారుమారై మళ్లీ యథాస్థితికి రావడం మీదే నడుస్తాయి. బయట పొటాషియం 4 నుంచి 7కి పెరిగిందనుకోండి. లోపలికీ బయటికీ ఉన్న అంతరం తగ్గుతుంది, వోల్టేజీ పడిపోతుంది, కణం పూర్తిగా సేదదీరలేదు. సంకేతాన్ని మొదలుపెట్టాల్సిన సోడియం ద్వారాలు మూతపడి అలాగే ఉండిపోతాయి. గుండెలో కరెంటు నెమ్మదిస్తుంది, చివరికి ఆగుతుంది. ఓపెన్ హార్ట్ సర్జరీ చేసే డాక్టర్లు ఇదే సూత్రాన్ని మంచికి వాడుకుంటారు. పొటాషియం దండిగా ఉన్న ద్రవాన్ని గుండె రక్తనాళాల్లోకి పంపి, కుట్లు వేసేంత సేపూ గుండెను కదలకుండా ఆపి, పని అయ్యాక కడిగేసి మళ్లీ కొట్టుకోనిస్తారు.

ఇక్కడ ఒక లెక్క వేసి చూడాలి. పప్పు, ఆకుకూర, పెరుగు, అరటిపండుతో ఒక మంచి భోజనం చేస్తే ఒంట్లోకి ఒకటిన్నర గ్రాముల పొటాషియం వచ్చిందనుకుందాం. అంటే 40 మిల్లీమోళ్లు. కణాల బయట ఉండే ద్రవం సుమారు 14 లీటర్లు. తిన్నదంతా ఆ 14 లీటర్లలోనే ఉండిపోతే పొటాషియం లీటరుకు 2.9 చొప్పున పెరగాలి. 4.2 ఉన్నది 7.1 కావాలి. అంటే ప్రతి మంచి భోజనమూ మనిషిని ఐసీయూకి పంపించాలి. అలా జరగడం లేదంటే కారణం ఇన్సులిన్. అన్నం తినగానే విడుదలయ్యే ఇన్సులిన్ చక్కెరతోపాటు పొటాషియాన్ని కూడా నిమిషాల్లో కణాల్లోకి నెట్టేస్తుంది. ఇన్సులిన్‌ను సుగర్ మందుగానే చూడటానికి అలవాటుపడ్డాం కాబట్టి దాని ఈ రెండో పని చాలామందికి తెలియదు. అది దాచిపెట్టినదాన్ని తర్వాత కొన్ని గంటలపాటు కిడ్నీలు తాపీగా బయటికి పంపుతాయి. రోజంతా మనం తినే పొటాషియంలో దాదాపు 90 శాతం మూత్రంలోనే పోతుంది, మిగతాది మలంలో. ఎంత పంపాలన్నది కిడ్నీ గొట్టాల చివరి భాగంలో ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ ఆజ్ఞ ప్రకారం తేలుతుంది. ఈ హార్మోన్ పేరు గుర్తుంచుకోండి, బీపీ మాత్రల దగ్గర మళ్లీ వస్తుంది.

కిడ్నీలు బాగున్న మనిషికి తిండి వల్ల పొటాషియం ఎక్కువైపోవడం దాదాపు జరగదు. కిడ్నీలు పనిచేయని మనిషికి రెండు కొబ్బరి బోండాలు చాలు.

కంచంలో ఉన్నదీ లేనిదీ

పెద్దవాళ్లకు రోజుకు కనీసం 3,510 మిల్లీగ్రాముల పొటాషియం అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో చెప్పింది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేదీ దాదాపు అంతే. మన కంచం అంత ఇస్తోందా అంటే, కంచంలో ఏది ఎంత ఉందన్న దాన్నిబట్టి ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంతో వండిన అన్నం 100 గ్రాముల్లో పొటాషియం 35 మిల్లీగ్రాముల దగ్గరే ఆగుతుంది. ఆ అన్నాన్ని ఆవకాయతో, అప్పడంతో, ఊరమిరపకాయలతో తింటే సోడియం పుష్కలంగా వస్తుంది, పొటాషియం రాదు. కందిపప్పు, ఉలవలు, పెసలు 100 గ్రాముల పచ్చి గింజల్లో గ్రాము, కొన్నిసార్లు అంతకు మించి ఉంటుంది. తోటకూర, పాలకూర, మునగాకు, చిలగడదుంప, కంద, బంగాళాదుంప, టమాటా అన్నీ మంచి వనరులే. అరటిపండుకు వచ్చినంత పేరు వీటికి రాలేదు గానీ, ఒక పండు ఇచ్చే 400 మిల్లీగ్రాములను కప్పు గట్టి పప్పు సునాయాసంగా ఇస్తుంది.

పొటాషియానికి నీళ్లంటే ప్రాణం, ఇట్టే కరిగిపోతుంది. ఉలవలు గంటల తరబడి ఉడికిన నీటిలోకి వాటిలోని పొటాషియం చాలావరకు దిగుతుంది. ఆ నీటినే మరిగించి చిక్కగా ఉలవచారు చేసుకుంటాం కాబట్టి ఆ చారు గిన్నెలో పొటాషియం పేరుకుని ఉంటుంది. పప్పు కట్టుతో పెట్టిన చారూ అంతే. ఆకుకూర ఉడికించిన నీళ్లు పారబోస్తే పొటాషియం కాలవలోకి పోయినట్టే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఆ నీళ్లు పారబోయకూడదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు డైటీషియన్లు సరిగ్గా దీనికి వ్యతిరేకం చెబుతారు: దుంపలూ కూరలూ చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, నీళ్లు వార్చేసి, ఆ తర్వాతే పోపు వేసుకోమంటారు.

పొటాషియం బీపీని ఎలా దించుతుందో ఈమధ్య కాలంలో బాగా తెలిసింది. కిడ్నీ గొట్టం చివరి వైపున సోడియాన్ని తిరిగి రక్తంలోకి పీల్చుకునే ద్వారం ఒకటుంది. తిండిలో పొటాషియం తక్కువైతే, ఉన్నదాన్ని పోనివ్వకుండా కాపాడుకునే ప్రయత్నంలో కిడ్నీ ఆ ద్వారాన్ని బార్లా తెరుస్తుంది. పొటాషియం దక్కుతుంది గానీ, దాంతోపాటు సోడియమూ నీరూ ఒంట్లో నిలిచిపోతాయి, బీపీ పెరుగుతుంది. పొటాషియం దండిగా అందితే ఆ ద్వారం మూసుకుని సోడియం మూత్రంలో పోతుంది. అంటే తక్కువ పొటాషియం తినే మనిషి ఒళ్లు ఎప్పుడూ ఉప్పును పట్టుకునే ఉంటుంది. ఉప్పు తగ్గించండి అన్న సలహా ఒక్కటే ఇచ్చి, పప్పూ ఆకుకూరా పెంచండి అన్నది చెప్పకపోతే సగం వైద్యమే చేసినట్టు.

దీనికి పెద్ద సాక్ష్యం చైనా పల్లెల నుంచి వచ్చింది. 600 గ్రామాల్లో, పక్షవాతం వచ్చినవాళ్లు, లేదా 60 దాటి బీపీ ఉన్నవాళ్లు దాదాపు 21 వేల మందిని తీసుకున్నారు. సగం ఊళ్లకు మామూలు ఉప్పు వదిలేసి, మిగతా సగానికి నాలుగింట ఒక వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు. దాదాపు ఐదేళ్లు గమనించాక 2021లో ఫలితాలు వచ్చాయి: ఉప్పు మార్చిన ఊళ్లలో పక్షవాతం 14 శాతం, మరణాలు 12 శాతం తక్కువ. కొత్త మందు లేదు, ఆపరేషన్ లేదు, వంటింట్లో ఉప్పు డబ్బా మార్చారంతే. మన దగ్గర తెలంగాణలో సిద్దిపేట వైపు ఏడు పల్లెల్లో బీపీ ఉన్న 502 మందితో ఇలాంటి పరీక్షే చేశారు. 30 శాతం పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు మూడు నెలలు వాడినవాళ్లలో పై బీపీ, మామూలు ఉప్పు వాడినవాళ్లతో పోలిస్తే, 4.6 పాయింట్లు ఎక్కువ తగ్గింది. కూలికి వెళ్లే మనిషికి మాత్ర ఖర్చు లేకుండా ఇంత తేడా రావడం చిన్న విషయం కాదు.

2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఉప్పును సిఫారసు చేస్తూ మార్గదర్శకం ఇచ్చింది. అందులో మినహాయింపులే అసలు చదవాల్సినవి: పిల్లలకు, గర్భిణులకు, కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లకు ఈ సిఫారసు వర్తించదు. చైనా పరీక్షలో కూడా తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లను, పొటాషియాన్ని నిలిపి ఉంచే మందులు వాడేవాళ్లను ముందే పక్కన పెట్టారు. మన ఇళ్లలో ఉప్పు డబ్బా ఒక్కటే. అమ్మమ్మ బీపీ కోసం తెచ్చిన ప్యాకెట్ డయాలసిస్‌కి వెళ్లే మామయ్య చారులోనూ పడుతుంది. ప్యాకెట్ వెనక ‘పొటాషియం క్లోరైడ్’ అని ఉందేమో చూసి, ఇంట్లో ఎవరికీ కిడ్నీ సమస్య లేదని తేల్చుకున్నాకే మార్చాలి. ఇంకో మాట: సైంధవ లవణంలో, గులాబీరంగు ఉప్పులో పొటాషియం ఎక్కువని చెప్పి అమ్ముతున్నారు. అవి దాదాపు అంతా సోడియం క్లోరైడే. పైగా వాటిలో అయోడిన్ కలపకపోతే అదొక లోటు.

తగ్గితే ఏమవుతుంది, ఎంత వాడాలి

పొటాషియం నిజంగా తగ్గడానికి ముఖ్య కారణాలు తిండిలో తక్కువగా, ఒంట్లోంచి పోవడంలో ఎక్కువగా ఉంటాయి. వాంతులు, విరేచనాలు మొదటి కారణం. 1940ల్లో అమెరికాలో డేనియల్ డారో అనే పిల్లల డాక్టరు విరేచనాలతో చనిపోతున్న పసిబిడ్డల ఒంట్లోంచి నీటితోపాటు పొటాషియం కూడా భారీగా పోతోందని గుర్తించి, సెలైన్‌లో దాన్ని కలిపి చాలామందిని బతికించారు. ఈనాటి ఓఆర్‌ఎస్ పొడిలో లీటరుకు ఒకటిన్నర గ్రాముల పొటాషియం క్లోరైడ్ ఉండటానికి మూలం ఆ అవగాహనే. రంగునీళ్ల డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అని రాసి అమ్మడాన్ని హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడి ఆపించారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది. కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉన్న ప్యాకెటే చూసి కొనాలి.

రెండో కారణం మందులు. కాళ్ల వాపులకూ బీపీకీ ఇచ్చే, మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు పొటాషియాన్ని వెంట తీసుకుపోతాయి. ఉబ్బసానికి పీల్చే సాల్బుటమాల్ దాన్ని కణాల్లోకి తోసి రక్తంలో తాత్కాలికంగా తగ్గిస్తుంది. దగ్గుకు మంచిదని రోజూ అతిమధురం నమిలేవాళ్లకు ఒక హెచ్చరిక: అందులోని గ్లిసరైజిన్ ఆల్డోస్టిరాన్ పని చేసినట్టే చేసి, బీపీ పెంచి పొటాషియాన్ని పడగొడుతుంది. రెండు మూడు రోజుల దగ్గుకు పర్వాలేదు, నెలల తరబడి వద్దు. మెగ్నీషియం తగ్గినవాళ్లకు ఎంత పొటాషియం ఇచ్చినా నిలవదు, ముందు దాన్ని సరిచేయాలి.

తగ్గినప్పుడు కండరాలు బలహీనమవుతాయి, పేగులు మందగించి మలబద్ధకం వస్తుంది, గుండె లయ తప్పుతుంది. 2.5 కన్నా దిగితే ప్రమాదం. రాత్రిపూట పిక్కలు పట్టడానికి మాత్రం ఎక్కువమందిలో పొటాషియంతో సంబంధం ఉండదు. పరీక్ష చేయించకుండా దానికోసం సిరప్ తాగడం అనవసరం.

ఒక విచిత్రమైన జబ్బు గురించి చెప్పాలి. కుర్రాడు పెళ్లిలో స్వీట్లు, బిరియానీ దండిగా తిని పడుకుంటాడు. తెల్లవారి లేచేసరికి కాళ్లు కదలవు, స్పృహ బాగానే ఉంటుంది, మాట వస్తుంది. ఇంట్లోవాళ్లు పక్షవాతమని బెంబేలెత్తుతారు. రక్తపరీక్షలో పొటాషియం 2 దగ్గర ఉంటుంది. పిండిపదార్థాలు దండిగా తినడంతో ఎగసిన ఇన్సులిన్ పొటాషియాన్నంతా కణాల్లోకి లాక్కుపోవడం వల్ల ఇలా జరుగుతుంది. వంశపారంపర్యంగానో, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం వల్లనో ఈ స్వభావం వస్తుంది. ఇక్కడ ఒంట్లో పొటాషియం పోలేదు, చోటు మారిందంతే. కంగారుపడి ఎక్కువ ఎక్కిస్తే, కణాల్లోకి పోయింది తిరిగొచ్చాక రెండూ కలిసి రక్తంలో హద్దు దాటుతాయి. అందుకే డాక్టర్లు కొద్దికొద్దిగా ఇస్తూ, మధ్యమధ్య పరీక్షిస్తూ పోతారు.

ఇప్పుడు సిరప్ సీసా చేతిలోకి తీసుకుని చూడండి. మన దగ్గర మామూలుగా దొరికేదానిలో 15 మిల్లీలీటర్లకు ఒకటిన్నర గ్రాముల పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. లేబుల్ మీద 20 మిల్లీఈక్వివలెంట్లు అని రాస్తారు. విడిగా పొటాషియం లెక్కన సుమారు 780 మిల్లీగ్రాములు. ప్లాస్మా మొత్తంలో ఉన్నది అర గ్రామని ముందే అనుకున్నాం. అంటే ఒక్క మూతెడు సిరప్‌లో అంతకన్నా ఎక్కువే ఉంది. అందుకే దాన్ని చెంచాతో నేరుగా మింగకూడదు. అరగ్లాసు నీళ్లలో కలిపి, అన్నం తిన్నాక, నెమ్మదిగా గుక్కగుక్కగా తాగాలి. లేకపోతే కడుపులో మంట, వాంతి తప్పవు. నెమ్మదిగా కరిగే బిళ్లలు ఇస్తే వాటిని నూరకూడదు, నమలకూడదు. కూర్చునో నిలబడో నిండు గ్లాసు నీళ్లతో మింగాలి, వెంటనే పడుకోకూడదు. బిళ్ల ఒకేచోట ఇరుక్కుని కరిగితే అన్నవాహికకో చిన్నపేగుకో పుండు పడుతుంది. అమెరికాలో చీటీ లేకుండా దొరికే పొటాషియం బిళ్లలు సాధారణంగా 99 మిల్లీగ్రాముల దగ్గర ఆగిపోవడం వెనక ఈ పేగు పుండ్ల భయమే ఉంది. అక్కడున్న మనవాళ్లు ఊరికి వచ్చేటప్పుడు విటమిన్ల సీసాలతోపాటు వీటినీ పెద్దవాళ్లకు తెచ్చిపెడుతుంటారు. 99 మిల్లీగ్రాములతో ఆరోగ్యవంతుడికి ఒరిగేదీ లేదు, పోయేదీ లేదు. పావు అరటిపండుతో సమానం. గుప్పెడు బిళ్లలు మింగితే మాత్రం కథ మారుతుంది.

నాకు ఎక్కువ బాధ కలిగించేది మిగిలిపోయిన సీసాల సంగతి. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఐదు రోజులకని రాసిన సిరప్‌ను, బలానికి మంచిదనుకుని అదే చీటీతో నెలల తరబడి కొని తాగేవాళ్లున్నారు. పొటాషియం సిరప్ బలం మందు కాదు. ఎన్ని రోజులు, మళ్లీ పరీక్ష ఎప్పుడు అన్న రెండు అంకెలు చీటీ మీద లేకపోతే అడిగి రాయించుకోవాలి. నరంలోకి ఎక్కించేదైతే ఎప్పుడూ సెలైన్‌లో బాగా కలిపి, మామూలుగా గంటకు 10 మిల్లీఈక్వివలెంట్లు మించకుండా ఎక్కిస్తారు. ఇంటిదగ్గర బాటిల్ పెట్టించుకునే అలవాటున్న ఊళ్లలో ఈ మందు జోలికి అసలు పోకూడదు.

ఎక్కువైనప్పుడు

పొటాషియం పెరుగుతుంటే ఒంటికి పెద్దగా తెలియదు. కొందరికి కాళ్లలో సత్తువ తగ్గుతుంది, కొందరికి తిమ్మిరి, గుండె దడ. చాలామందికి ఏమీ ఉండదు. ఈసీజీలో మాత్రం ముందుగా టీ తరంగాలు గుడిగోపురాల్లా మొనదేలి లేస్తాయి. తర్వాత పీ తరంగం చదునై మాయమవుతుంది, మిగతాది వెడల్పవుతుంది. 5.5 దాటితే జాగ్రత్తపడాలి, 6.5 దాటితే అది అత్యవసరం. ఆసుపత్రిలో మొదట కాల్షియం గ్లూకొనేట్ ఇస్తారు. అది పొటాషియాన్ని తగ్గించదు, గుండెకు కాసేపు రక్షణ ఇస్తుంది. ఈలోపు గ్లూకోజుతో ఇన్సులిన్, సాల్బుటమాల్ ఆవిరి ఇచ్చి పొటాషియాన్ని కణాల్లోకి తోస్తారు. ఇవన్నీ కొన్ని గంటల గడువు సంపాదించే పనులే. ఒంట్లోంచి దాన్ని బయటికి పంపడానికి పేగులో పట్టుకునే పొడులో, డయాలసిస్సో కావాలి.

ఎక్కువయ్యేది ఎవరికి? కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, ముఖ్యంగా ఆల్డోస్టిరాన్‌ను అడ్డుకునే మందులు వాడేవాళ్లకు. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ మన ఊళ్లలో ఇంటింటా కనిపించే బీపీ మాత్రలు. ఇవి గుండెనూ, సుగర్ వల్ల దెబ్బతినే కిడ్నీలనూ కాపాడే మంచి మందులు. కిడ్నీకి పొటాషియాన్ని పంపమని చెప్పే ఆజ్ఞను ఇవి తగ్గిస్తాయి. స్పైరోనోలాక్టోన్ ఆ ఆజ్ఞను నేరుగా అడ్డుకుంటుంది. వీటిమీద కీళ్లనొప్పులకు డైక్లోఫెనాక్‌లాంటి మాత్ర పడిందా, కిడ్నీకి రక్తం తగ్గి ఇబ్బంది రెట్టింపవుతుంది. యూరిన్ ఇన్ఫెక్షన్‌కు వాడే ట్రైమెథోప్రిమ్ కూడా ఇదే కోవలోది.

ఈ కలయిక ఎంత ప్రమాదమో కెనడాలో ఒకసారి తేలింది. గుండె బలహీనపడ్డవాళ్లకు స్పైరోనోలాక్టోన్ ఇస్తే మరణాలు 30 శాతం తగ్గాయని 1999లో ఒక పెద్ద పరీక్ష చూపించింది. వెంటనే డాక్టర్లు దాన్ని విరివిగా రాయడం మొదలుపెట్టారు. ఆ పరీక్షలో రోగులను జాగ్రత్తగా ఎంచుకుని, తరచూ రక్తం చూస్తూ పోయారు. బయట ఆ జాగ్రత్త పాటించలేదు. ఒంటారియో రాష్ట్రంలో ఇలాంటి వృద్ధ రోగుల్లో పొటాషియం పెరిగి ఆసుపత్రిలో చేరినవాళ్లు 1994లో వెయ్యికి 2.4 ఉంటే 2001 నాటికి 11కి చేరారు. అందుకని ఈ మాత్రలు మొదలుపెట్టినప్పుడూ, మోతాదు పెంచినప్పుడూ ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూపించుకోవాలి. అలాగని భయపడి మాత్ర సొంతంగా మానేయకూడదు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో వాటిని వేసుకోవాలా, ఆపాలా అన్నది ముందే డాక్టరును అడిగి ఉంచుకోవడం మంచిది.

రిపోర్టులో 5.9 అని ఎర్రగా కనిపించిన ప్రతిసారీ అది నిజం కాకపోవచ్చు కూడా. చేతికి పట్టీ బిగించి కట్టి, పిడికిలి పదేపదే బిగించమంటే కండరాల్లోంచి, సన్న సూదితో లాగితే చితికిన ఎర్రకణాల్లోంచి పొటాషియం శాంపిల్‌లోకి వస్తుంది. ఇంటికి వచ్చి తీసుకున్న రక్తం బండి మీద తిరిగి తిరిగి సాయంత్రానికి ల్యాబ్ చేరినా అంతే. ఈసీజీ బాగుండి, కిడ్నీలు బాగుండి, అంకె మాత్రం వింతగా ఉంటే డాక్టర్లు మళ్లీ రక్తం తీయించి వెంటనే పరీక్ష చేయిస్తారు. అయితే కిడ్నీ రోగి విషయంలో ‘ల్యాబ్ పొరపాటు అయుంటుందిలే’ అని మనంతట మనం తేల్చేయకూడదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గురించి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస చుట్టుపక్కల పల్లెల్లో దశాబ్దాలుగా కిడ్నీలు పాడవుతున్నాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. కొబ్బరి, జీడిమామిడి తోటలే ఆ నేల జీవనాధారం. చెట్టెక్కి బోండాం దింపుకుని తాగడం అక్కడ మంచినీళ్లు తాగినంత మామూలు. అలాంటి చోట మనిషిని కూర్చోబెట్టి ‘తాతా, ఇకమీదట బోండాం ముట్టకు’ అని చెప్పాల్సి రావడం నర్సులకూ కష్టమే. కొబ్బరినీళ్లు 100 మిల్లీలీటర్లలో 200 మిల్లీగ్రాములకు అటూఇటూగా పొటాషియం ఉంటుంది. ఒక పెద్ద బోండాం అంటే 600 దాటవచ్చు. పైగా నీళ్లు కాబట్టి త్వరగా రక్తంలో చేరుతుంది. రెండు డయాలసిస్‌ల మధ్య ఎడం ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆ భారం మరీ ప్రమాదం.

కిడ్నీ జబ్బు అనగానే ఆకుకూరలూ పండ్లూ పప్పులూ అన్నీ మానేసి తెల్లన్నం, మజ్జిగతో ఎండిపోయేవాళ్లను చూస్తుంటాం. అది కూడా సరికాదని ఇప్పుడు కిడ్నీ డాక్టర్లు చెబుతున్నారు. కూరలూ గింజలూ తిన్నప్పుడు వాటిలోని పొటాషియం పీచుతో, కణాల్లో బందీగా ఉంటుంది కాబట్టి అంతా ఒంటికి పట్టదు. ప్యాకెట్ ఆహారాల్లో నిల్వకోసం కలిపే పొటాషియం లవణాలు, సోడియం తక్కువ ఉప్పు దాదాపు పూర్తిగా పడతాయి. ముందు తీసేయాల్సినవి అవి. కిడ్నీ జబ్బు తొలి దశల్లో, రిపోర్టులో పొటాషియం 5 లోపే ఉన్నవాళ్లు ఆకుకూరలు మానాల్సిన అవసరం చాలామందికి రాదు. పెరిగినవాళ్లకు కూడా పేగులోనే పొటాషియాన్ని పట్టి ఉంచే కొత్త పొడులు వచ్చాయి. వాటి సాయంతో కిడ్నీని కాపాడే టెల్మిసార్టాన్ లాంటి మాత్రలు ఆపకుండా కొనసాగించగలుగుతున్నారు. ఏది తినొచ్చు, ఎంత తినొచ్చు అన్నది ఆ నెల రిపోర్టు చూసి డైటీషియన్‌తో కూర్చుని తేల్చుకోవాలి. నిరుడు పక్కింటాయనకు రాసిన చీటీ చూసి మాత్రం కాదు.